ఎస్ప్రెస్సో మెషీన్‌కు కరెంటు, నీళ్లు: కొనేముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

ఇంటికి ఎస్ప్రెస్సో మెషీన్ కొనాలనుకున్నవాళ్లు బాయిలర్ ఒకటా రెండా, పంపు ఏ రకం, గ్రైండర్ ఏది అనే చర్చలోనే వారాలు గడిపేస్తారు. దాన్ని పెట్టబోయే గట్టు దగ్గర సాకెట్ ఎన్ని ఆంపియర్లదో, కొళాయి నీళ్లలో ఏముందో పెట్టె విప్పాక గానీ గుర్తుకురాదు. ఈ రెండింట్లో కరెంటు సంగతి తేలిక. ఒకసారి లెక్క చూసి సరిచేసుకుంటే తీరిపోతుంది, తేడా ఉంటే మొదటి రోజే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) పడిపోయి చెప్పేస్తుంది. నీళ్ల లోపం మాత్రం ఏడాదికో రెండేళ్లకో, రిపేరు ఖరీదయ్యాక బయటపడుతుంది. అందుకే ఇక్కడ కరెంటు కంటే నీళ్లకే ఎక్కువ చోటు.

కరెంటు

మెషీన్ వెనకో అడుగునో అంటించిన రేటింగ్ ప్లేటు మీద వాట్లు రాసి ఉంటాయి. వాటిని ఓల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. థర్మోబ్లాక్ (నీళ్లు పారుతుండగానే వేడిచేసే లోహపు దిమ్మ) ఉన్న చిన్న మెషీన్లు, ఒకే బాయిలర్ ఉన్నవి సాధారణంగా 1000 నుంచి 1500 వాట్ల మధ్య ఉంటాయి. 230 ఓల్టుల సరఫరాలో 1500 వాట్లంటే 6.5 ఆంపియర్లు, 120 ఓల్టులు ఉన్నచోట అదే 12.5 ఆంపియర్లు. రెండు బాయిలర్లూ ఒకేసారి కాగే మెషీన్ 3000 వాట్లు లాగితే 230 ఓల్టుల దగ్గర 13 ఆంపియర్లవుతుంది. అదే సర్క్యూట్ మీద 2000 వాట్ల కెటిల్ కూడా ఉంటే మొత్తం దాదాపు 22 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంత లోడును ఎక్కువసేపు మోయదు. గ్రైండర్ మోటారు నడిచేటప్పుడు లాగేది తక్కువే అయినా, ఆన్ చేసిన క్షణంలో ఒక్క ఊపున ఎక్కువ లాగుతుంది. మెషీన్ అప్పటికే హద్దులో ఉంటే ఎంసీబీ పడిపోవడానికి ఆ ఊపు చాలు.

అందుకే మెషీన్‌కు విడిగా ఒక సర్క్యూట్ ఉండటం మేలు. 16 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 4. వేడెక్కేటప్పుడు తప్ప మెషీన్ పూర్తి కరెంటు లాగదు. ఒకసారి వేడెక్కాక ఎలిమెంట్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి సగటు వాడకం బాగా పడిపోతుంది. అయినా తీగనూ సాకెట్‌నూ సగటుకు కాకుండా గరిష్ఠానికే ఎంచుకోవాలి.

సర్క్యూట్ చిన్నది, మార్చే వీలు లేదు అన్నప్పుడు కొన్ని రెండు బాయిలర్ల మెషీన్లలో ఉండే ఏర్పాటు పనికొస్తుంది. కాఫీ బాయిలర్‌కు కరెంటు వెళ్తున్నంతసేపూ ఆవిరి బాయిలర్‌ను ఆపి ఉంచే సెట్టింగ్ అది. వేడెక్కడం ఆలస్యమవుతుంది, పాలు కాచాక ఆవిరి తేరుకోవడమూ కాస్త నెమ్మదిస్తుంది. రోజుకు నాలుగైదు కప్పులు కలుపుకునే ఇంట్లో ఆ తేడా పెద్ద ఇబ్బంది కాదు.

ఓల్టేజీ తగ్గితే ఎలిమెంట్ శక్తి అంతకు మించి తగ్గుతుంది, ఎందుకంటే అది ఓల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఓల్టుల దగ్గర 1400 వాట్లు ఇచ్చే ఎలిమెంట్ 200 ఓల్టులకు 1060 వాట్ల దగ్గర ఆగిపోతుంది. 1.8 లీటర్ల బాయిలర్‌ను 25 నుంచి 125 డిగ్రీలకు తేవడానికి మొదటి సందర్భంలో నీటికే 9 నిమిషాలు, రెండో దాంట్లో 12 నిమిషాలు పడుతుంది. రాగి, ఇత్తడి వేడెక్కే సమయం దీనికి అదనం. ఇ-61 రకం గ్రూప్‌లో (వేడినీరు కాఫీ పొడి మీదకు దిగే తల భాగంలో) నాలుగు కిలోల దాకా ఇత్తడి ఉంటుంది. మీటరు మీద ఉష్ణోగ్రత వచ్చేసినా ఆ లోహం నిలకడకు రావడానికి అరగంట పట్టేది అందుకే.

అసలు ప్రమాదం వదులు కనెక్షన్‌లో ఉంటుంది. సాకెట్‌లో పిన్ను సరిగా పట్టక 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 12 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చుక్క దగ్గరే 14 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ప్లాస్టిక్ పసుపెక్కడం, ప్లగ్ తీసినప్పుడు పిన్ను వేలికి చురుక్కుమనడం దీనికి గుర్తులు. ఎంసీబీకి ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంది. మెషీన్‌ను అరగంట వేడెక్కించి, స్విచ్ ఆపి, ప్లగ్‌ను చేత్తో తాకి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు; పట్టుకోలేనంత వేడి ఉంటే సాకెట్ మార్చాలి. పలచటి తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఒక ప్లగ్‌ను మూడు చేసే అడాప్టర్లు ఈ మెషీన్ దగ్గరికి రాకూడదు.

స్మార్ట్ ప్లగ్‌తో తెల్లవారుజామునే ఆన్ చేయించే అలవాటు చాలామందికి ఉంది. ప్లగ్ మీద 16 ఆంపియర్లని రాసి ఉన్నా, లోపలి చిన్న రిలే రోజూ పూర్తి లోడు మీద తెరుచుకుని మూసుకుంటే కొన్నాళ్లకు దాని కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడది ఆగమన్నా ఆగదు. మెషీన్ సొంత టైమర్ వాడటం మెరుగు.

ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోతుంటే అది వేరే కథ. ఎలిమెంట్ లోపల వేడి తీగకూ పైతొడుగుకూ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపి ఉంటుంది. ఆ పొడి తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి వాడకుండా ఉంచిన మెషీన్‌ను ఆన్ చేయగానే లీకేజీ 30 మిల్లీఆంపియర్ల హద్దు దాటేది ఇందువల్లే. ఎలిమెంట్ తీగలు విప్పి 500 ఓల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరుతో) కొలిస్తే విషయం తేలిపోతుంది. పదుల మెగాఓమ్‌లు ఉంటే ఎలిమెంట్ మంచిదే. ఒక మెగాఓమ్ కంటే తక్కువ ఉంటే తేమో పగులో ఉన్నట్టు. తేమైతే విప్పి ఎండబెడితే కోలుకుంటుంది, పైతొడుగు పగిలితే మార్చాల్సిందే. ఎర్తింగ్ తీసేసి నడపడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. బాయిలర్, గ్రూప్, ఆవిరి గొట్టం అన్నీ చేతికి తగిలే లోహాలే.

వేరే ఓల్టేజీ దేశం నుంచి తెచ్చిన మెషీన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఓల్టేజీ సరిపోతుంది గానీ హెర్ట్జులు (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) మారవు. వైబ్రేషన్ పంపు (లోపలి పిస్టన్ ముందుకూ వెనక్కూ కొట్టుకునే రకం) సరఫరా హెర్ట్జులకే కొట్టుకుంటుంది. 60 హెర్ట్జుల పంపు 50 మీద సెకనుకు పది దెబ్బలు తక్కువ కొడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే మెషీన్ వాట్ల కంటే కనీసం పావు వంతు ఎక్కువ సామర్థ్యం ఉండాలి. చతురస్ర తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద ఎలిమెంట్ కాగుతుంది కానీ పంపు, కంట్రోల్ బోర్డు ఇబ్బంది పడతాయి.

నీళ్లు ఎటునుంచి రావాలి

మూడు దారులున్నాయి. మెషీన్‌లోనే ఉండే ట్యాంకు, పక్కన పెట్టుకునే క్యాన్, నేరుగా కొళాయి పైపు. పైపు కలిపితే ట్యాంకు నింపే పని తప్పుతుందన్న ఆశతో చాలామంది మూడో దారి పడతారు. రోజుకు పది కప్పులు దాటని ఇంటికి ట్యాంకే సరిపోతుంది. ట్యాంకులో పోసే నీళ్లు మన చేతుల్లో ఉంటాయి, పైపులో వచ్చే నీళ్లు కాలాన్ని బట్టి మారిపోతాయి. ట్యాంకు నీటిని రెండు మూడు రోజులకోసారి మార్చాలి. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి ఆ నీరు నిలవుంటే లోపల జిగురు పడుతుంది.

క్యాన్ ఏర్పాటులో 20 లీటర్ల క్యాన్‌లోకి గొట్టం వేసి, చిన్న డయాఫ్రమ్ పంపుతో మెషీన్‌కు నీరు పంపుతారు. పంపులోని ప్రెజర్ స్విచ్ ఒత్తిడి దాదాపు 2.8 బార్‌కు చేరగానే దాన్ని ఆపేస్తుంది. దీనికి గాలి సంచి ఉన్న చిన్న అక్యుములేటర్ ట్యాంకు తప్పకుండా కలపాలి. లేకపోతే మెషీన్ చెంచాడు నీళ్లు తాగినప్పుడల్లా పంపు టకటకా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. క్యాన్ అడుగంటితే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ కూడా ఉండాలి. ఎందుకంటే మెషీన్‌లో రోటరీ పంపు (రెక్కలు తిరిగే రకం) ఉంటే దాని కార్బన్ రెక్కలకు నీళ్లే కందెన. పొడిగా తిరిగితే కొద్దిసేపటికే అరిగి పంపు అరుపు మొదలవుతుంది.

పైపు కలపాలంటే ముందు మెషీన్ దానికి తగినదో కాదో మాన్యువల్ చూడాలి. వైబ్రేషన్ పంపు మెషీన్లు చాలావరకు ట్యాంకుకే తయారయ్యాయి. పైపుకు తగిన వాటికీ తయారీదారు ఒక ఒత్తిడి హద్దు చెబుతాడు; సాధారణంగా 2 నుంచి 3 బార్ దగ్గర పెట్టుకుంటే సుఖం. కొళాయిలో ఒత్తిడి అంతకంటే ఎక్కువ ఉండొచ్చు, పైగా రాత్రి వాడకం తగ్గినప్పుడు ఇంకా పెరుగుతుంది. కాబట్టి గేజీ ఉన్న రెగ్యులేటర్ పెట్టి, దాన్ని నీళ్లు పారుతుండగా ఒకసారి, ఆగి ఉన్నప్పుడు ఒకసారి చూడాలి. ఆగి ఉన్నప్పుడు 3 బార్ చూపి, పంపు మొదలవగానే సున్నాకు జారిపోతే వెనకాల ఎక్కడో ఫిల్టరో సన్నటి గొట్టమో అడ్డుపడుతోందని అర్థం. లోపలికి వచ్చే ఒత్తిడి మారితే చాలా రోటరీ పంపుల బయటి ఒత్తిడీ మారుతుంది. అందుకే పైపు కలిపాక కాఫీ తీసే 9 బార్ ఒత్తిడిని మళ్లీ సర్దుకోవాలి. ట్యాంకు మీద నడిపినప్పుడు సర్దినది ఇక చెల్లదు.

నీళ్లు వచ్చే దారిలో వరస ఇది: చేతికి అందే చోట బాల్ వాల్వ్, రెగ్యులేటర్, మట్టిని ఆపే 5 మైక్రాన్ల ఫిల్టర్, కార్బన్, ఆ తర్వాత నీటి కఠినత్వాన్ని తగ్గించి మెత్తబరిచే ఫిల్టర్, చెక్ వాల్వ్ (నీళ్లను వెనక్కి రానివ్వనిది), మెషీన్. క్లోరిన్ మెత్తబరిచే ఫిల్టర్‌లోని రెసిన్ గుళికలను తినేస్తుంది కాబట్టి కార్బన్ ముందుండాలి. చెక్ వాల్వ్ లేకపోతే మెషీన్‌లో వేడెక్కి వ్యాకోచించిన నీరు వెనక్కి నడిచి ఫిల్టర్ దాకా వస్తుంది. అది ఉన్నప్పుడు వ్యాకోచించిన నీటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి, 10 నుంచి 12 బార్ మధ్య తెరుచుకునేలా పెట్టిన ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ద్వారా కొన్ని చుక్కలు డ్రిప్ ట్రేలో పడతాయి. వేడెక్కేటప్పుడు అవి పడటం లీకేజీ కాదు.

పనివాళ్లు తరచూ తప్పు చేసేది గొట్టాలు బిగించే మరచుట్ల దగ్గర. చాలా మెషీన్ల ఇన్లెట్ 3/8 అంగుళాల బీఎస్పీ (బ్రిటిష్ ప్రమాణం) మర. అంగుళానికి 19 చుట్లు. అదే కొలత పేరుతో దొరికే ఎన్పీటీ (అమెరికన్ ప్రమాణం) మరకు 18 చుట్లు. రెండు మూడు చుట్లు బాగానే ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. సరిపోయిందనుకుని స్పానర్‌తో తిప్పితే ఇత్తడి మర చెడిపోతుంది. బీఎస్పీ సమాంతర మరలో నీటిని ఆపేది లోపలి వాషర్, మర కాదు. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టడం అనవసరం, కొంత హాని కూడా. తెగిన టేపు పోగు సోలెనాయిడ్ వాల్వ్‌లో (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్‌లో) ఇరుక్కుంటుంది, లేదా గ్రూప్‌లో నీటి ధారను తగ్గించే 0.7 మిల్లీమీటర్ల రంధ్రం ఉండే జిగ్లర్ అనే భాగాన్ని మూసేస్తుంది. కొత్త గొట్టాన్ని, కొత్త ఫిల్టర్‌ను మెషీన్‌కు కలిపేముందు బకెట్‌లోకి కొన్ని లీటర్లు వదలాలి. కార్బన్ పొడి నల్లగా వచ్చి తేటపడ్డాకే మెషీన్‌కు బిగించాలి.

డ్రిప్ ట్రేకు డ్రెయిన్ పెట్టుకుంటే గొట్టం లోపలి వ్యాసం కనీసం 16 మిల్లీమీటర్లు, వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. ఎక్కడా వేలాడి లోతు పడకూడదు. కాఫీ మడ్డి, నూనె ఆ లోతులో పేరుకుంటాయి. చివరను మురుగు నీటిలో ముంచకుండా మధ్యలో గాలి ఖాళీ వదలాలి.

నీళ్లలో ఏముంది

మెషీన్ ఆయుష్షు తేలేది ఇక్కడే. కఠినత్వం అంటే కాల్షియం, మెగ్నీషియం. ఆల్కలినిటీ అంటే ముఖ్యంగా బైకార్బనేట్. వేడికి బైకార్బనేట్ విడిపోయి కాల్షియంతో కలిసి గారగా దిగుతుంది. గార పట్టాలంటే రెండూ ఉండాలి. 93 డిగ్రీల కాఫీ బాయిలర్‌లో పెద్దగా దిగని నీరే 125 డిగ్రీల ఆవిరి బాయిలర్‌లో తెల్లగా పేరుకుంటుంది. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ ప్రమాణంగా చాలాకాలం చలామణిలో ఉన్న లక్ష్యం లీటరుకు 68 మిల్లీగ్రాముల కఠినత్వం, 40 ఆల్కలినిటీ, 150 టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు), 7 పీహెచ్. ఇవి రుచికి ఒక మంచి మధ్యమార్గం. కానీ ఇంట్లో ఆవిరి బాయిలర్‌ను గార లేకుండా నడపాలంటే కఠినత్వం దీనికంటే తక్కువ ఉండటమే నయం.

ఆవిరి బాయిలర్‌కు ఇంకో చిక్కుంది. ఆవిరిగా వెళ్లేది ఒట్టి నీరు. ఖనిజాలు వెనకే మిగిలిపోతాయి. ఒక కప్పు పాలు కాచడానికి 15 నుంచి 20 మిల్లీలీటర్ల నీరే ఆవిరవుతుంది. రెండు మూడు కప్పులకు రోజుకు 50 మిల్లీలీటర్లనుకుంటే, 1.5 లీటర్ల బాయిలర్‌లో నెలకు ఖనిజాల గాఢత రెట్టింపవుతుంది, మూడు నెలలకు నాలుగింతలు. 30 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న నీరు అప్పటికి 120 అవుతుంది. దీనికి మందు వేడినీటి కొళాయి. వారానికి అర లీటరు అక్కడినుంచి పట్టి పారబోస్తే గాఢత అసలు నీటికి 1.7 రెట్ల దగ్గరే నిలిచిపోతుంది. ఆ కొళాయిని ఎప్పుడూ వాడని ఇళ్లలోనే బాయిలర్లు ముందు పాడవుతాయి.

కఠినత్వాన్ని సాల్ట్ సాఫ్టెనర్ తీసేస్తుంది, అక్కడితో పని అయిపోయిందనుకోవడం మామూలు పొరపాటు. అది కాల్షియం బదులు సోడియం పెడుతుంది, అంతే. 300 కఠినత్వం, 250 ఆల్కలినిటీ, 100 క్లోరైడ్ ఉన్న నీరు అందులోంచి వస్తే కఠినత్వం సున్నాకు దగ్గరవుతుంది. మిగతా రెండూ కదలవు. గార పట్టదు. కానీ 250 ఆల్కలినిటీ కాఫీలోని పులుపునంతా చంపేసి చప్పగా చేస్తుంది, క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలులో, ఇత్తడిలో సూదిపోట్ల లాంటి గుంతలు తొలుస్తుంది. తయారీదారులు క్లోరైడ్‌కు సాధారణంగా 30 నుంచి 50 మిల్లీగ్రాముల హద్దు పెడతారు. కార్బన్ ఫిల్టర్ తీసేది క్లోరిన్‌ను, క్లోరైడ్‌ను కాదు. గార పడితే ఆసిడ్‌తో కడగొచ్చు. గుంత పడిన బాయిలర్‌ను కడిగి బాగుచేయలేం.

ఇలాంటి నీటికి ఆర్వో ఒక్కటే దారి. అయితే ఆర్వో నీటిని అలాగే పోయడం రెండు విధాల చేటు. ఒకటి, ఖనిజాల్లేని, కాస్త ఆమ్లగుణం ఉన్న ఆ నీరు రాగిని, ఇత్తడిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. రెండోది ఇంకా వెంటనే తెలుస్తుంది. బాయిలర్‌లో నీటి మట్టాన్ని చూసే కడ్డీ నీటి ద్వారా బాయిలర్ గోడకు కొద్దిపాటి కరెంటు పారితేనే ‘నిండింది’ అని గ్రహిస్తుంది. మరీ శుద్ధమైన నీటిలో కరెంటు పారదు, మెషీన్ నింపుతూనే పోతుంది, ఆవిరి గొట్టంలోంచి నీళ్లు కారతాయి. కడ్డీకి గార పట్టినా ఇదే లక్షణం, బాయిలర్‌కు కలిపిన తీగ వదులైనా ఇదే.

కలిపి వాడితే ఈ చిక్కులు తీరతాయి. పై ఉదాహరణలోని కొళాయి నీరు ఒక వంతు, ఆర్వో నీరు నాలుగు వంతులు కలిపితే 60 కఠినత్వం, 50 ఆల్కలినిటీ, 20 క్లోరైడ్ వస్తాయి. లెక్క తిన్నగా నిష్పత్తే (ఆర్వో నీటిలో మిగిలే కొద్దిపాటి ఖనిజాలను వదిలేస్తే). కొళాయి నీరు ఎప్పుడెలా ఉంటుందో తెలియని చోట పొటాషియం బైకార్బనేట్ పద్ధతి మెరుగు. ఆహార పదార్థాల్లో వాడే రకాన్ని 10 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ నీటిలో కరిగించి సీసాలో ఉంచుకోవాలి. లీటరు డిస్టిల్డ్ లేదా ఆర్వో నీటికి ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు, అయిదు లీటర్లకు 50. లీటరుకు 100 మిల్లీగ్రాముల పొటాషియం బైకార్బనేట్, అంటే 50 ఆల్కలినిటీ వస్తుంది. కాల్షియం లేదు కాబట్టి గార అన్న మాటే లేదు, కడ్డీకి కావలసిన విద్యుత్ వాహకతా ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం లేనందువల్ల రుచి కాస్త పలచబడిందనేవాళ్లున్నారు. ముదురు రోస్టుల్లో ఆ తేడా పట్టుకోవడం కష్టం. ఆవిరి బాయిలర్ ఉన్న ఇంటికి దీనికంటే నిశ్చింతైన నీరు దొరకడం అరుదు.

టీడీఎస్ పెన్ను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. సాఫ్టెనర్‌కు ముందూ వెనకా అది దాదాపు ఒకే అంకె చూపిస్తుంది, కాల్షియం పోయిందో లేదో దానికి తెలియదు. అక్వేరియాలకు వాడే చుక్కల కిట్లు చవకైనవి, నమ్మదగినవి. జీహెచ్ కఠినత్వానికి, కేహెచ్ ఆల్కలినిటీకి. 5 మిల్లీలీటర్ల నమూనాలో రంగు మారడానికి పట్టిన ఒక్కో చుక్క ఒక జర్మన్ డిగ్రీ, అంటే 17.8 మిల్లీగ్రాములు. నమూనా 10 మిల్లీలీటర్లు తీసుకుంటే ఒక్కో చుక్క విలువ సగమై, ఖచ్చితత్వం పెరుగుతుంది. ఫిల్టర్ మార్చాల్సిన రోజును క్యాలెండర్ కంటే ఈ చుక్కలే బాగా చెబుతాయి. ఫిల్టర్ వెనక నీటిలో కఠినత్వం రెండు డిగ్రీలు పెరిగిందంటే రెసిన్ అయిపోవస్తున్నట్టే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

ఎలిమెంట్ నీటిలో మునగకుండా వెలిగితే నిమిషాల్లో కాలిపోతుంది. వేడి ఆపి ఉంచే వీలుంటే ఆపి, గ్రూప్‌లోంచి ధార తెంపు లేకుండా వచ్చేదాకా పంపు నడపాలి. వైబ్రేషన్ పంపును నిమిషానికి మించి ఏకబిగిన నడపకుండా మధ్యలో ఆపుతుండాలి, లేకపోతే అది వేడెక్కి తనలోని థర్మోస్టాట్‌తో ఆగిపోతుంది. ఆవిరి బాయిలర్ తనంతట తాను నిండుతుంది. అయితే కొన్ని మెషీన్లు నిర్ణీత సమయంలో నిండకపోతే లోపం ఉందనుకుని ఆగిపోతాయి. అప్పుడు స్విచ్ ఆపి మళ్లీ వేస్తే మిగతాది నింపుకుంటాయి. ఒకటి రెండుసార్లు ఇలా జరగడం మామూలే, అయిదారుసార్లయితే నీళ్లు రావడంలోనే లోపం ఉంది.

పైపు కలిపిన మెషీన్ కింద ప్రతి అతుకు దగ్గరా పొడి టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి వదిలేయాలి. ఒత్తిడి పెరిగేది రాత్రే కాబట్టి పగలు కనబడని చెమ్మ అప్పుడు కాగితం మీద మచ్చగా పడుతుంది. మచ్చ పడిన అతుకులో వాషర్ తిన్నగా కూర్చుందో లేదో చూసి బిగించాలి, మరీ బలంగా కాదు. వాషర్ నలిగితే చెమ్మ ధారవుతుంది. ఊరెళ్లేటప్పుడు మెషీన్ స్విచ్‌తో పాటు బాల్ వాల్వ్ కూడా మూసేయాలి. ప్లాస్టిక్ ఫిల్టర్ గిన్నె పగిలేది సాధారణంగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే.